పడక కుర్చీ సైకిల్‌కు మెరుగులు.. ముందు భద్రత, ఆ తర్వాతే వేగం

* అతుకులు, బ్రేకులు సరిచూశాకే గేర్ల ఆలోచన
* టిప్పర్లు తిరిగే దారుల్లో కనిపించడమే అసలు రక్షణ
* ఇంట తయారైన బండి మార్పుచేర్పులకు ఒక వరుస ఉంది

కమాన్‌పూర్: వీపును కుర్చీకి ఆనించి, కాళ్లు ముందుకు చాచి తొక్కే సైకిల్ మన ప్రాంతంలో అరుదు. ఇంగ్లిషులో దీన్ని రికంబెంట్ అంటారు. మన వాకిళ్లలోని పడక కుర్చీకి చక్రాలు అమర్చినట్టు ఉంటుంది కనుక పడక కుర్చీ సైకిల్ అని పిలుచుకోవచ్చు. సాధారణ సైకిల్ దుకాణాల్లో ఇది దొరకదు. బయటి నుంచి తెప్పించుకుందామంటే ధర సామాన్యునికి అందదు. అందుచేత మూలన పడిన రెండు పాత సైకిళ్లను కోసి, అతికించి సొంతంగా తయారు చేసుకోవడమే దారి.

అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. తొలిరోజు వీధి చివరి దాకా వెళ్లి వచ్చిన బండి, నిత్యం పనికి తీసుకెళ్లే బండిగా మారాలంటే అనేక మార్పులు అవసరం. ఎవరికైనా ముందు గేర్ల మీదికి, వేగం మీదికి మనసు పోవడం సహజం. బొగ్గు టిప్పర్లు, కంకర లారీలు తిరిగే కమాన్‌పూర్, సెంటినరీకాలనీ, గోదావరిఖని దారుల్లో మాత్రం ఆ వరుస తలకిందులు కావాలి. బండి విరగకూడదు, ఆగాలి, ఎదుటివారికి కనిపించాలి. ఈ మూడూ కుదిరిన తర్వాతే సౌకర్యం. వేగం అన్నింటికంటే చివరిది.

1933లోనే రికార్డు

ఈ సైకిల్ నేటి వింత కాదు. ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ మోషే తొలుత పెడళ్లతో నడిచే నాలుగు చక్రాల బండ్లు తయారు చేసేవాడు. అదే పద్ధతిని రెండు చక్రాలకు కుదించి 'వెలోకార్' పేరిట పడక సైకిల్‌ను రూపొందించాడు. 1933 జూలై 7న పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ దానిపై ఒక గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. 1914లో ఆస్కార్ ఎగ్ నెలకొల్పిన 44.247 కిలోమీటర్ల రికార్డు 19 ఏళ్ల తర్వాత అలా చెదిరింది. ఫోర్ అగ్రశ్రేణి పందెగాడు కాకపోవడం గమనార్హం. గెలిచింది మనిషా, యంత్రమా అన్న వివాదం రేగింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1934లో పోటీ సైకిల్ ఎలా ఉండాలో నిర్వచించి పడక సైకిల్‌ను పందేలకు దూరం చేసింది.

ఆ విజయ రహస్యం గాలిలో ఉంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దాన్ని ఎదిరించడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. వెనక్కి వాలిన శరీరం గాలికి తక్కువ అడ్డు పడుతుంది. 2016లో అమెరికాలోని బ్యాటిల్ మౌంటెన్ వద్ద టాడ్ రైకర్ట్ పూర్తి తొడుగు అమర్చిన పడక సైకిల్‌పై గంటకు 144 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాడు.

అయితే అవి పందెపు బాటలు. మన రోడ్లపై 15 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మనిషికి గాలి వల్ల కలిగే లాభం స్వల్పమే. ఇక్కడ అసలు ప్రయోజనం శరీరానికి కలిగే విశ్రాంతి. బరువు అరచేతులపై, చిన్న సీటుపై పడకుండా వీపంతటా పరుచుకుంటుంది. గనుల్లో డంపర్లు, డోజర్లు నడిపేవారికి ఏళ్ల తరబడి కుదుపుల వల్ల నడుము నొప్పులు రావడం ఈ ప్రాంతానికి తెలియని సంగతి కాదు. మామూలు సైకిల్‌పై వంగి కూర్చోలేని వారిలో కొందరికి ఈ కూర్పు అనుకూలిస్తుంది. వెన్నుకు, మోకాలికి చికిత్స పొందుతున్నవారు మాత్రం ముందుగా వైద్యుని అడగాలి.

మొదట అతుకులు

ఇంట చేసే బండ్లలో సులువైనది పొడవాటి రకం. పాత సైకిల్ వెనుక భాగాన్ని అలాగే ఉంచి, ముందుకు గొట్టం పొడిగించి, దాని చివర చిన్న ముందు చక్రాన్ని అమరుస్తారు. పెడళ్లు ముందు చక్రానికి కాస్త వెనకే ఉంటాయి. మనిషి బరువంతా నడుమ గొట్టంపై, దాని అతుకులపై పడుతుంది. కనుక మార్పులకు పూనుకునే ముందు ఆ అతుకులను పరీక్షించడం తప్పనిసరి.

పారిశ్రామిక ప్రాంతం కావడంతో గోదావరిఖనిలో వెల్డింగ్, లేత్ పనులకు కొదవ లేదు. అయితే గేట్లు, కిటికీ గ్రిల్స్ అతకడం వేరు, సైకిల్ గొట్టాన్ని అతకడం వేరు. సైకిల్ గొట్టం మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే. లావు రాడ్డుతో, ఎక్కువ కరెంటుతో అతికితే గొట్టానికి చిల్లు పడుతుంది. లేదా పైకి నిండుగా కనిపించే అతుకు లోపల డొల్లగా మిగులుతుంది. సన్నని రాడ్డుతో కొద్దికొద్దిగా, ఆగి ఆగి అతకాలి. గ్యాస్‌తో ఇత్తడి పోసి అతికే పద్ధతి పలుచని గొట్టాలకు అనువైనది. హ్యాండిల్ గొట్టం వద్ద, కుర్చీ కింద త్రికోణపు రేకు ముక్కలను దన్నుగా పెట్టించాలి.

జీఐ పైపు వాడితే మరో జాగ్రత్త అవసరం. దానిపై ఉండే జింకు పూత వేడికి తెల్లని పొగగా మారుతుంది. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల్లోనే చలి జ్వరం రావచ్చు. అతికే చోట పూతను పూర్తిగా గీకి, ఆరుబయట గాలికి ఎదురు కాకుండా పని చేయించాలి.

ముందు ఫోర్కును కోయడం, వంచడం, అతకడం ఎంతమాత్రం తగదు. నడుమ గొట్టం క్రమంగా వంగి ముందే హెచ్చరించవచ్చు. ఫోర్కు విరిగితే హెచ్చరిక ఉండదు, మనిషి ముఖం మీద పడతాడు. చిన్న చక్రానికి సరిపోయే ఫోర్కును చక్రంతో సహా పిల్లల సైకిల్ నుంచి తీసుకోవచ్చు. అది తుప్పు పట్టి ఉంటే కొత్తది కొనడమే మేలు.

బండి తయారయ్యాక మొదటి వంద కిలోమీటర్లకు ఒకసారి, ఆపై నెలకోసారి అతుకులన్నింటినీ గుడ్డతో తుడిచి పగటి వెలుగులో చూడాలి. రంగుపై వెంట్రుక లాంటి గీత గానీ, దాని వెంబడి తుప్పు చార గానీ కనిపిస్తే అది పగులేనని భావించి బండిని పక్కన పెట్టాలి. పగులు మీద మళ్లీ వెల్డింగ్ పూత వేయించడం మరమ్మతు కాదు. ఆ చోటు గీకి, దన్ను రేకుతో కొత్తగా అతికించాలి.

హ్యాండిల్ ఊగిసలాడితే..

కొత్తగా చేసిన బండి హ్యాండిల్ అదుపులో ఉండకపోవడం తరచూ ఎదురయ్యే సమస్య. దీనికి కారణం ముందు చక్రం కోణంలో ఉంది. హ్యాండిల్ గొట్టం గుండా ఒక గీత గీస్తే అది నేలను తాకే చోటు, టైరు నేలను తాకే చోటుకు కొంత ముందుండాలి. ఆ దూరమే చక్రాన్ని తిన్నగా నిలుపుతుంది. పెద్ద చక్రం తీసి చిన్నది పెడితే బండి ముందుకు దిగుతుంది, హ్యాండిల్ గొట్టం నిటారవుతుంది, ఆ దూరం తగ్గిపోతుంది. హ్యాండిల్ వణకడం అప్పుడే మొదలవుతుంది. నట్లు ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు. గొట్టాన్ని కొంత వెనక్కి వాల్చి తిరిగి అతికించడమే పరిష్కారం. బేరింగ్ గోళీలు అరిగినా వణుకు వస్తుంది కనుక ముందుగా వాటిని చూసుకోవాలి.

రాడ్డు బ్రేకులు చాలవు

పాత నల్ల సైకిళ్లలోని రాడ్డు బ్రేకులు పొడవాటి బండికి పనికిరావు. హ్యాండిల్ చోటు మారడంతో రాడ్ల అమరిక చెడుతుంది. కేబుల్ బ్రేకులకు మారక తప్పదు. ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, పొడవాటి బండిలో మనిషి బరువు ఎక్కువగా వెనుక చక్రంపై ఉంటుంది. ముందు చక్రం తేలిక. బొగ్గు పొడి, ఇసుక పరుచుకున్న చోట ముందు బ్రేకును గట్టిగా పట్టితే చక్రం పక్కకు జారుతుంది. వెనుక బ్రేకు బలమైనదిగా ఉండాలి, రెండింటినీ కలిపి పట్టడం అలవరచుకోవాలి.

రెండోది, మెరుగు పూసిన ఇనుప రిమ్ము వానలో తడిస్తే బ్రేకు రబ్బరు సరిగా పట్టదు. అల్యూమినియం రిమ్ముకు మారితే తడిలోనూ పట్టు మెరుగవుతుంది. డబ్బు పరిమితంగా ఉంటే గేర్ల కంటే ముందు దీనికే ఖర్చు చేయాలి.

మూడోది, వి-బ్రేకులకు కేబుల్‌ను ఎక్కువ దూరం లాగే పిడి కావాలి. మామూలు బ్రేకు పిడిని వాటికి జత చేస్తే చివరి దాకా నొక్కినా బండి ఆగదు. బ్రేకును, పిడిని ఒకే సెట్టుగా కొనడం ఉత్తమం. వెనుక బ్రేకు కేబుల్ మామూలు కంటే పొడవు కావాలి. రెండు కేబుళ్లను ముడివేసి వాడటం ప్రాణాంతకం.

టిప్పర్ డ్రైవరుకు కనిపించాలి

పడక సైకిల్‌పై కూర్చున్న మనిషి తల మామూలు సైకిలిస్టు తల కంటే బాగా కిందికి ఉంటుంది. టిప్పర్ క్యాబిన్ నేలకు ఎంతో ఎత్తులో ఉంటుంది. బంపర్‌కు ఎదురుగా, దగ్గరగా ఉన్న చోటు డ్రైవరు కంటికి ఆనదు. మన దేశంలో స్టీరింగ్ కుడివైపు ఉండటంతో ఎడమ పక్కన అతనికి కనిపించని చోటు మరింత ఎక్కువ. రోడ్డుకు ఎడమ అంచున వెళ్లే సైకిల్ సరిగ్గా అక్కడికే చేరుతుంది.

కాబట్టి ఆగి ఉన్న టిప్పర్‌కు ఎడమ సందులోంచి ముందుకు దూరడం మానాలి. కూడలిలో దాని ముందు కాకుండా వెనుక, అద్దంలో డ్రైవరు ముఖం కనిపించేంత దూరంలో నిలవాలి. అతని ముఖం మనకు కనిపించకుంటే మనం కూడా అతనికి కనిపించడం లేదన్నమాట.

కుర్చీ వెనుక నేల నుంచి ఆరడుగుల ఎత్తుకు తగ్గకుండా వంగే కర్ర నిలిపి నారింజ రంగు జెండా కట్టాలి. వెనుక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, చక్రాల పుల్లలకు పక్క నుంచి మెరిసే రిఫ్లెక్టర్లు అమర్చాలి. గని కార్మికులు ధరించే మెరుపు పట్టీల చొక్కా వంటిది వేసుకుంటే మరీ మంచిది. తెల్లవారుజామున మొదటి షిఫ్టుకు వెళ్లేటప్పుడు, రెండో షిఫ్టు ముగిసి రాత్రి తిరిగి వచ్చేటప్పుడు వెనుక ఎర్ర దీపం వెలగాల్సిందే. మెడ తిప్పి వెనక్కి చూడటం ఈ కూర్పులో కష్టం కనుక రెండు వైపులా అద్దాలు ఉండాలి. బొగ్గు దుమ్ము దీపాలను, రిఫ్లెక్టర్లను రెండు రోజుల్లోనే మసకబారుస్తుంది. బయలుదేరే ముందు వాటిని తుడవడం దినచర్య కావాలి.

కుర్చీకి నవారు

భద్రత కుదిరాక సౌకర్యం వంతు. పందెపు బండ్లలో కుర్చీని నేలకు 25, 30 డిగ్రీల దాకా వాలుస్తారు. మన రోడ్లకు అది తగదు. మెడ లాగుతుంది, ఎదుటి గుంత కనిపించదు. 50 డిగ్రీలకు అటూ ఇటూ ఉంచితే చూపు, విశ్రాంతి రెండూ దక్కుతాయి.

ప్లాస్టిక్ కుర్చీపై స్పాంజి వేసి కూర్చుంటే వేసవిలో వీపు చెమటతో నానుతుంది. 45 డిగ్రీల ఎండలు చవిచూసే రామగుండం ప్రాంతంలో అరగంట కూడా భరించలేం. గొట్టపు చట్రానికి మంచానికి అల్లినట్టు నవారు అల్లిస్తే గాలి ఆడుతుంది, కుదుపునూ కొంత మింగుతుంది. వదులైతే తిరిగి బిగించుకోవచ్చు.

పెడల్ పూర్తిగా ముందుకు వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. కాలు పూర్తిగా చాపాల్సి వస్తే నడుము పక్కలకు కదిలి నొప్పి పుడుతుంది. మరీ దగ్గరైతే మోకాలిపై భారం పడుతుంది. కుర్చీని ముందుకు, వెనక్కి జరిపే వీలుంటే ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకే బండి వాడుకోవచ్చు.

తేలికగా తీసుకోకూడని అపాయం మరొకటుంది. గతుకులో పాదం పెడల్ నుంచి జారి నేలను తాకితే, ముందుకు సాగుతున్న బండి ఆ కాలిని తన కిందికి లాక్కుంటుంది. పెడల్‌కు పట్టీ గానీ, మడమను ఆపే చిన్న రేకు గానీ అమర్చాలి. చెప్పులతో కాకుండా బూట్లతో తొక్కాలి.

చైను పొడవు.. దుమ్ము బెడద

పెడళ్లు ముందుకు, చక్రం వెనక్కి వెళ్లడంతో మామూలు చైనుకు రెండు నుంచి రెండున్నర రెట్ల పొడవు కావాలి. రెండు మూడు చైన్లను కలిపేటప్పుడు అన్నీ ఒకే రకమై ఉండాలి. గేరు లేని సైకిల్ చైను వెడల్పు, గేర్ల సైకిల్ చైను సన్నం. రెంటినీ కలిపితే పళ్లపై కూర్చోదు. పాత చైనుకు కొత్త ముక్క జోడించినా అరుగుదల సమంగా ఉండక జారుతుంది.

పొడవాటి చైను వేలాడకుండా నడుమ కప్పీ అవసరం. పైవైపు చైను తొక్కుడు బలాన్ని మోస్తుంది. అక్కడ కప్పీ చైనును ఎంత తక్కువ వంచితే అంత తేలిక. వట్టి బోల్టుపై ప్లాస్టిక్ చక్రం తిప్పితే కొద్ది రోజుల్లోనే అరుగుతుంది. మూతలున్న బేరింగుపై లేత్‌లో తీయించిన నైలాన్ కప్పీ మన్నుతుంది.

బొగ్గు దుమ్ము, రోడ్డు మట్టి నూనెతో కలిస్తే సాన రాయిలా పనిచేస్తాయి. చైనుకు నూనె ఎక్కువ పోయడం మేలు చేయదు. చుక్క చొప్పున వేసి, పైపై నూనెను గుడ్డతో తుడిచేయాలి. కింది వైపు చైనును నల్లని హెచ్‌డీపీఈ పైపు ముక్క గుండా పోనిస్తే దుమ్ము తగ్గుతుంది, ప్యాంటుకు మరక అంటదు. పైపు చివరలను వేడి చేసి గరాటులా విప్పితే చైను తట్టుకోదు.

గేర్ల లెక్క

మామూలు సైకిల్‌పై ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి బరువంతా పెడల్‌పై మోపుతాం. పడక సైకిల్‌లో ఆ వీలు లేదు. కాలి బలమే ఆధారం. అందుకే ఇక్కడ గేర్లు వేగానికి కాదు, చడావు ఎక్కడానికి.

ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్న 26 అంగుళాల చక్రపు సైకిల్‌ను తీసుకుందాం. ఒకసారి పెడల్ పూర్తిగా తిప్పితే చక్రం సుమారు 2.44 సార్లు తిరుగుతుంది, బండి దాదాపు 5.1 మీటర్లు సాగుతుంది. వెనుక 14 నుంచి 28 పళ్ల ఏడు గేర్ల ఫ్రీవీల్ వేస్తే అది 3.3 నుంచి 6.5 మీటర్ల దాకా మారుతుంది. ముందు 32 పళ్ల చక్రం కూడా ఉంటే కనిష్ఠం 2.4 మీటర్లకు దిగుతుంది. నిమిషానికి 60 సార్లు తొక్కితే అది గంటకు సుమారు 8.6 కిలోమీటర్లు. అంతకంటే నెమ్మదిస్తే కొత్తవారికి బండి నిలపడం కష్టం కనుక ఇంకా చిన్న గేరు వల్ల ఒరిగేదేమీ లేదు. ఓవర్‌బ్రిడ్జి ఎత్తులకు ఇది చాలు.

గేర్ల చక్రం మామూలు సైకిల్ వెనుక ఫోర్కులో పట్టదు, అక్కడి వెడల్పు తక్కువ. బలవంతంగా విడదీస్తే చక్రం వంకరగా కూర్చుంటుంది. గేర్లు కావాలనుకునేవారు మొదటే గేర్ల పాత సైకిల్‌ను ముడిసరుకుగా ఎంచుకోవడం తెలివైన పని.

మోటారు పెడితే నిబంధనలు

చక్రంలో ఇమిడే విద్యుత్ మోటారు అమర్చాలన్న కోరిక కలగవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు సామర్థ్యం 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉండి, ఆ వేగానికి చేరగానే లేదా తొక్కడం ఆపగానే మోటారు సాయం ఆగిపోయే సైకిల్‌ను మోటారు వాహనంగా పరిగణించరు. తగిన బ్రేకులు, ముందు తెల్ల, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలన్నది కూడా ఆ నిబంధనల్లో భాగమే. ఇంట అతికిన గొట్టాలకు, పాత బ్రేకులకు మోటారు వేగం జతైతే లోపం ప్రమాదంగా మారుతుంది. పైన చెప్పినవన్నీ పూర్తయి, కొన్ని నెలలు కాలితో తొక్కి చూశాకే ఈ మెట్టు ఎక్కాలి.

చేతితో తిప్పే బండికీ ఇవే పాఠాలు

పడక సైకిల్ వింతగా తోచినా దాని దగ్గరి బంధువు మనకు చిరపరిచితమే. దివ్యాంగులు చేత్తో తిప్పే మూడు చక్రాల బండి అదే కోవకు చెందింది. 1972లో కాన్పూర్‌లో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో ఇటువంటి బండ్లను తయారు చేస్తోంది. చైను తిన్నగా సాగడం, వీపుకు ఆసరా, తడిలో పట్టే బ్రేకు, ఎత్తున జెండా, వెనుక దీపం.. ఈ మార్పులన్నీ ఆ బండికీ వర్తిస్తాయి. పారా సైక్లింగ్ పోటీల్లో చేతి సైకిళ్లను వాలి తొక్కే విభాగాలూ ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన ఆదిత్య మెహతా ఫౌండేషన్ 2020లో కశ్మీర్ నుంచి కన్యాకుమారి వరకు నిర్వహించిన 'ఇన్ఫినిటీ రైడ్'లో దివ్యాంగ సైక్లిస్టులు పాల్గొన్నారు. కూర్పు సరిగా కుదిరితే సైకిల్ ఎంత దూరమైనా తీసుకెళ్తుందనడానికి ఇదే తార్కాణం.

తమ బండిలో కొత్త ఉపాయం కనిపెట్టినవారికి వేదికలూ ఉన్నాయి. గ్రామీణ ఆవిష్కర్తలను వెతికి వెలుగులోకి తెచ్చే 'పల్లె సృజన' సంస్థ ఒకటి. తెలంగాణ రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019లో ప్రారంభించిన 'ఇంటింటా ఇన్నోవేటర్' కార్యక్రమం మరొకటి.

రోడ్డెక్కే ముందు..

* మొదటి వారం ఖాళీ మైదానంలోనే తొక్కాలి. బయలుదేరడం, ఆగడం, మలుపు తిరగడం అలవాటయ్యాకే రోడ్డు మీదికి రావాలి.
* ఎత్తు గేరులో ఆగితే తిరిగి కదలడం కష్టం. ఆగే ముందే చిన్న గేరుకు మార్చుకోవాలి.
* ఒకసారికి ఒకే మార్పు చేయాలి. రెండు మూడు కలిపి చేస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.
* ప్రతి మార్పు తర్వాత బ్రేకు పట్టి, నట్లన్నీ బిగించి చూడాలి.
* హెల్మెట్ ధరించాలి. తల నేలకు దగ్గరగా ఉందన్న ధీమా పనికిరాదు.

ఆదివరాహస్వామి ఆలయం దాకా వెళ్లి వచ్చినా, గోదావరిఖని మార్కెట్‌కు వెళ్లి వచ్చినా ఈ బండి పనితనాన్ని తేల్చేది వేగం కాదు. సాయంత్రం ఇల్లు చేరిన మనిషి నడుము పట్టుకోకుండా కుర్చీలోంచి లేచాడా, మర్నాడు అదే బండి తీసి నిర్భయంగా బయలుదేరగలిగాడా అన్నదే దానికి కొలమానం.